ఏడో పెట్టెలో మొగుళ్ళ ఓట్లు

బుధవారం, మధ్యాహ్నం ఒంటిగంటా నలభై.

డోరీన్ హెలివెల్‌ని వార్లీబ్రిగ్ స్టేషనుకి తీసుకొచ్చి పంతొమ్మిది గంటల నలభై నిమిషాలైంది. సాయంత్రం ఆరు కొట్టేలోగా ఆమె మీద హత్యానేరమైనా మోపాలి, ఇంటికైనా పంపాలి. సూపరింటెండెంటుకి మోపడమే ఇష్టం. ఇన్‌స్పెక్టర్ హిల్డా ఓల్డ్‌రాయిడ్‌కి ఎక్కడైనా ఒక గంట కళ్ళు మూసుకోవడం ఇష్టం. రెండిట్లో ఏదీ ఇంకా జరగలేదు.

టేపు తిరుగుతోంది. మూలన డ్యూటీ లాయరు ముక్కు చీదుకుంటున్నాడు. బల్లకి అవతల డోరీన్, అరవై ఒక్కేళ్ళ మనిషి, ఊలు కోటు బొత్తాలన్నీ పెట్టుకుని, బస్సు కోసం కూర్చున్నట్టు కూర్చుంది.

"మళ్ళీ మొదటినించి చెప్పండి మిసెస్ హెలివెల్."

"ఎన్నిసార్లు చెప్పించుకుంటావమ్మాయ్? మగ్గమైనా మధ్యలో ఒకసారి ఆగుతుంది."

"ఇంకొక్కసారే."

"నిన్న రాత్రీ ఇదే మాట అన్నావు." డోరీన్ నిట్టూర్చింది. "సోమవారం ఐదింటికి కౌంటరు మూశాను. నార్మన్‌తో మాట్లాడాను. ఐదూ ఇరవైకి ఇంటికి బయల్దేరాను. కాలవగట్టు మీదుగా నడిచి వెళ్ళాను. దారిలో బాతులు తప్ప ఎవరూ కనపడలేదు. వాటిని కూడా సాక్ష్యానికి పిలుస్తావా?"

నార్మన్ థ్వైట్ వార్లీబ్రిగ్ బిల్డింగ్ సొసైటీకి సెక్రటరీ. ఊరివాళ్ళ పొదుపుతో ఊరివాళ్ళకే ఇళ్ళ అప్పులిచ్చే సొసైటీ అది. నూటపాతికేళ్ళుగా మెంబర్లే దాని యజమానులు. మంగళవారం పొద్దున ఎనిమిదిన్నరకి ఆ సొసైటీ నేలమాళిగలో, స్ట్రాంగ్‌రూము మెట్ల కింద, తల వెనక పగిలి పడి ఉన్నాడు నార్మన్. కొట్టింది సొసైటీ ముద్ర వేసే ఇనుప ప్రెస్సుతో. దాని మీద దొరికినవి ఒక్క డోరీన్ వేలిముద్రలే.

"ప్రెస్సు సంగతి?"

"ముప్ఫై ఒక్కేళ్ళుగా ప్రతి శుక్రవారం దాన్ని తుడిచేది నేనే. నా వేలిముద్రలు లేకపోతే అప్పుడు అనుమానించు."

"ఐదుంబావుకి మీరిద్దరూ అరుచుకున్నారు. ఊడ్చే ఆవిడ విన్నది. 'నువ్వు చెప్తావా, నన్ను చెప్పమంటావా' అని మీరు బెదిరించారట."

"బెదిరించలేదు. అడిగాను."

"ఏం చెప్పమని?"

డోరీన్ కోటు పై బొత్తాం ఇంకోసారి సరిచూసుకుంది.

"ఐదూ యాభై రెండుకి నార్మన్ కోడుతో ఎవరో అలారం పెట్టారు. ఆ కోడు మీకు తెలుసు."

"ఆఫీసులో అందరికీ తెలుసు. తన పుట్టినరోజే కోడుగా పెట్టుకున్నాడు పిచ్చి మనిషి. ఏటా కేకు కోసేది మేమేగా."

"సొసైటీని బ్యాంకుకి కట్టబెడుతున్నాడని నార్మన్ మీద మీకు కోపం."

"ఊళ్ళో సగంమందికి ఆ కోపముంది. మిగతా సగంమందికి తలా ఐదొందల పౌండ్లు వస్తాయని సంబరం. కోపమొచ్చిన వాళ్ళందరినీ తెచ్చి ఇక్కడ కూర్చోబెడితే నీకు కుర్చీలు చాలవు." గొంతు తగ్గించింది. "మా ఫ్రాంక్ ఎలా ఉన్నాడో కనుక్కున్నావా?"

ఫ్రాంక్ ఆమె భర్త. రెండేళ్ళ కిందట పక్షవాతం వచ్చి కుడివైపు పడిపోయింది. డోరీన్ జైలుకి పోతే అతను వృద్ధాశ్రమానికి పోవాల్సిందే. ఆ ముక్క ఫైల్లో ఎక్కడా లేదు గాని, రాత్రి మూడింటి దాకా హిల్డాకి నిద్ర పట్టనివ్వనిది అదే.

"పక్కింటావిడ చూసుకుంటోంది. సూప్ తాగాడట."

"ఆవిడ సూప్‌లో ఉప్పెక్కువ." డోరీన్ కళ్ళజోడు తీసి తుడుచుకుంది. "చూడమ్మాయ్. మెంబరు సంగతి కౌంటరు దాటకూడదు. చేరిన రోజున మాట ఇచ్చాం. నార్మన్ కూడా రేపు లీడ్స్‌లో సొసైటీ విచారణ అయ్యేదాకా నోరు విప్పద్దన్నాడు. ఒక్క మాట చెప్తా, మిగతాది నువ్వే తెలుసుకో. ఏడో ఓటు పెట్టె చూడు. నీ ఒక్కదానివల్ల కాదు, నువ్వు సముద్రం వైపు దానివి. ఈ ఊళ్ళో పుట్టినవాణ్ణి ఎవరినైనా వెంటబెట్టుకెళ్ళు."

"పెట్టెలో ఏముంది?"

"ఏముందో కాదు, ఎవరున్నారో చూడు."

లాయరు తుమ్మాడు. హిల్డా టేపు ఆపేసింది.

*

రెండూ ఇరవై. సొసైటీ ముందు తెల్ల వ్యాను ఆగి ఉంది. వ్యాను పక్కన గొడుగు కింద లండన్ కోటు వేసుకున్న మనిషి నిలబడి ఉన్నాడు. రూపర్ట్ ఫారంట్. బ్యాంకులు సొసైటీలని మింగే ముందు పద్ధతి ప్రకారం మింగుతున్నాయో లేదో చూసే నియంత్రణ సంస్థ పంపిన మనిషి. సొసైటీని బ్యాంకులో కలపడానికి మెంబర్లు ఓటేసి ఒప్పుకున్నారు; రేపు పదిన్నరకి లీడ్స్‌లో దాని మీద విచారణ. అక్కడ ముద్ర పడితే వార్లీబ్రిగ్ సొసైటీ కింగ్స్‌మియర్ బ్యాంకులో కలిసిపోతుంది. ఒకసారి కలిశాక విడదీసే దారి చట్టంలో లేదు.

"ఇన్‌స్పెక్టర్ గారూ, ఓటు పెట్టెలు నాకు నాలుగున్నరకి కావాలి."

"నాక్కూడా చాలా కావాలి మిస్టర్ ఫారంట్. ముందు దారి ఇవ్వండి."

"అవి మీ హత్యకి సంబంధించినవి కావు. పన్నెండు రోజుల కిందట లెక్కపెట్టి, ఫలితం చెప్పి, సీళ్ళు వేసిన పెట్టెలవి."

"శవానికి నాలుగడుగుల దూరంలో ఉన్నవి ఏవైనా నావే."

"ఆ పక్కనే గోడ కూడా ఉంది. దాన్నీ తీసుకెళ్తారా?"

"అవసరమైతే. మేజిస్ట్రేటు సంతకం నా సంచిలో ఉంది. గోడ మాట అడగలేదు గాని, అడిగితే ఇచ్చేటట్టే ఉన్నాడు."

వెనకాల సార్జెంట్ విల్ఫ్ బారక్లఫ్ పంది మాంసం కూరిన రొట్టెలో ఆఖరి ముక్క నోట్లో వేసుకుని, నవ్వు దాచుకోవడానికి దగ్గాడు. యాభై రెండేళ్ళవాడు. పుట్టింది, బడికెళ్ళింది, పెళ్ళాడింది అన్నీ ఈ సొసైటీ గడియారం వినిపించేంత దూరంలోనే.

"నాలుగున్నరకి," అన్నాడు ఫారంట్. "ఒక్క నిమిషం ఆలస్యమైనా మీ చీఫ్ కానిస్టేబుల్‌కి ఫోను చేస్తాను."

"చెయ్యండి. నేను చేస్తే ఎత్తడు. మీరు మాట్లాడితే నేను అడిగానని చెప్పండి."

*

నేలమాళిగకి పద్నాలుగు మెట్లు. హిల్డా ఒక్కొక్కటీ లెక్కపెడుతూ దిగింది. లెక్క కోసం కాదు, మోకాలి కోసం.

కింద సుద్దగీత ఇంకా చెరగలేదు. దానికి ఎడమవైపు ఇనుప అరలో తొమ్మిది పెట్టెలు వరసగా ఉన్నాయి. ఎనిమిదింటికి సీళ్ళు భద్రంగా ఉన్నాయి. ఏడోదానికి మాత్రం తెగి ఉంది. నిన్న ఫొటోలు తీసినవాళ్ళు, పడిపోతూ నార్మన్ చెయ్యి తగిలి తెగిందని రాసుకున్నారు. హిల్డా వంగి చూసింది. తగిలి తెగితే అంచు చిరిగి ఉంటుంది. ఇది కత్తెరతో కత్తిరించినట్టు నున్నగా ఉంది. ఆ కత్తెర కూడా అక్కడే, అర మీద, తన జాగాలో పెట్టి ఉంది.

"సీలు తెంచి కత్తెర మళ్ళీ జాగాలో పెట్టాడంటే దొంగ కాదు విల్ఫ్, గుమాస్తా. నార్మనే తెంచాడు."

"ఎందుకు మేడం? రేపు విచారణ పెట్టుకుని సీలు తెంచితే ఉద్యోగమేగా పోయేది."

"అదే చూద్దాం. తియ్యి."

మూత లోపల చీటీ అతికించి ఉంది. ఓటు కాగితాలు: పద్దెనిమిది కట్టలు. రద్దయిన కాగితాలు: కవరు ఒకటి. కట్టలు పద్దెనిమిదీ ఉన్నాయి. కవరు లేదు.

"రద్దయినవంటే?"

"మనసు మార్చుకుని రెండోసారి ఓటేసినవాళ్ళవి అనుకుంటా," అన్నాడు విల్ఫ్. "ఒకే నంబరు మీద రెండు కాగితాలొస్తే చివర వచ్చినదే చెల్లుతుంది. మొదటిది పక్కన పడేస్తారు. లెక్కపెట్టే యంత్రం నంబరే చూస్తుంది, పేరు చూడదు. ఓటు కాగితం వెనకాల రాసే ఉంటుంది ఇదంతా. మా ఆవిడ పైకి చదివి వినిపించింది. చెవులు చిల్లులు పడ్డాయి."

హిల్డా మొదటి కట్ట విప్పి సగం అతనికిచ్చింది. కాగితాలన్నీ ఒకలాగే ఉన్నాయి. పైన అచ్చువేసిన పేరు, నంబరు, కింద అవును లేదా కాదు, సంతకం. ఏముందో కాదు, ఎవరున్నారో చూడమంది డోరీన్. హిల్డా పేర్లే చూసింది. శ్రీ గ్రీన్‌హాల్ష్. శ్రీమతి ఇల్లింగ్‌వర్త్. శ్రీ పిక్లెస్. పేర్లంటే పేర్లే. పావుగంట గడిచింది. అక్షరాలు కళ్ళ ముందు ఈదడం మొదలెట్టాయి.

"మేడం."

విల్ఫ్ గొంతు మారింది. తలెత్తి చూసింది. ఒక కాగితాన్ని దూరంగా పట్టుకుని, దగ్గరగా పట్టుకుని, మళ్ళీ దూరంగా పట్టుకుని చూస్తున్నాడు.

"ఏంటది?"

"నేను."

"ఏంటి?"

"నేనే మేడం. శ్రీ విల్ఫ్రెడ్ బారక్లఫ్, పదిహేడు, క్లాఫ్ స్ట్రీట్. అవును అని ఓటేశాను. కింద సంతకం కూడా పెట్టాను. నా సంతకంకంటే బాగుంది."

"నువ్వు అవునని ఓటేశావని మీ ఆవిడకి తెలుసా?"

"నేను ఓటే వెయ్యలేదు మేడం. నాకు ఓటే లేదు."

"సొసైటీలో పొదుపు పుస్తకం మీ ఇద్దరి పేరు మీదా ఉందని ఎప్పుడో అన్నావుగా?"

"ఉంది. మొదటి పేరు జీన్‌ది. మొదటి పేరున్నవాళ్ళకే ఓటు. ఈ ఊళ్ళో జంట పుస్తకం ఏది తీసినా మొదటి పేరు ఆడవాళ్ళదే ఉంటుంది." ఇది కూడా తెలియదా అన్నట్టు చూశాడు. "శుక్రవారం జీతమిచ్చేవాళ్ళు మిల్లులో. మిల్లుకీ ఇంటికీ మధ్య పదకొండు సారా దుకాణాలు. అందుకని సొసైటీ పెట్టినవాళ్ళు మొదటిరోజే తేల్చేశారు, పుస్తకం పెళ్ళాం పేరునే మొదలవ్వాలని. మా తాతకీ ఓటు లేదు, మా నాన్నకీ లేదు. మగ్గం మొగుడిది, పుస్తకం పెళ్ళానిది అంటారు మా వైపు. నూటపాతికేళ్ళలో ఎవడూ కిక్కురుమనలేదు."

"మీ ఆవిడ ఓటు?"

"కాదు అని వేసింది. వంటింటి బల్ల మీద, నా ఎదురుగానే. కాగితం చిరిగేటంత గట్టిగా గీసింది."

హిల్డా మెట్టు మీద కూలబడింది. ఒళ్ళంతా నొప్పులే గాని, బుర్ర మాత్రం రెండు రోజుల్లో మొదటిసారి చురుగ్గా నడిచింది.

జీన్ కాగితం ముందు వెళ్ళింది. వెనకాల అదే నంబరుతో విల్ఫ్ పేరున ఇంకో కాగితం వెళ్ళింది. యంత్రం చివరిది ఉంచి మొదటిది పక్కన పడేసింది. కాదు కాస్తా అవునయింది. పేర్లు చూసే మనిషి ఎవరూ లేరు, ఒక్క నార్మన్ తప్ప. విచారణకి పెట్టెలు సర్దుతూ రద్దయిన కాగితాల లెక్క ఇంత ఎక్కువుందేమిటని సీలు తెంచి కవరు చూసి ఉంటాడు. అందులో ఊరి ఆడవాళ్ళంతా ఉన్నారు. కట్టల్లో వాళ్ళ మొగుళ్ళున్నారు.

"ఇలాంటివి ఎన్నున్నాయో లెక్కపెట్టు. జంట పుస్తకాలు నువ్వు గుర్తుపట్టగలవా?"

"క్లాఫ్ స్ట్రీట్‌లో మొగుడి పేరున పుస్తకమున్న ఇల్లు ఒక్కటి చూపిస్తే నా టోపీ తింటాను."

మూడు కట్టల్లో డెబ్బై ఒకటి దొరికాయి. నాలుగూ పావుకి, అయిదో కట్టలో, విల్ఫ్ ఒక కాగితం పైకెత్తి చూపించాడు.

"నూట పదకొండు."

బ్యాంకు గెలిచింది, కావలసినదానికంటే నూట పది ఓట్లు ఎక్కువొచ్చి. ఓటేసినవాళ్ళలో నూటికి డెబ్బై ఐదుగురు ఒప్పుకోవాలి. ఇంకా పదమూడు కట్టలు మిగిలి ఉండగానే ఆ గెలుపు పోయింది.

"నువ్వు చెప్తావా, నన్ను చెప్పమంటావా," అంది హిల్డా మెల్లగా. "లండన్‌లో నియంత్రణ సంస్థకి చెప్పమని అడిగిందిరా విల్ఫ్. ఇద్దరూ ఒకే పక్షం. ఆవిడకి అతన్ని చంపే పనేముంది?"

*

పైన కౌంటరు మీది ఫోను తీసి స్టేషనుకి చేసింది. డెస్కు దగ్గరున్న కుర్రాడు ఎత్తాడు. నాలుగూ ఇరవై రెండు.

"టోర్డాఫ్, డోరీన్ హెలివెల్‌ని వదిలెయ్. నేరం మోపడం లేదు."

"సూపరింటెండెంటు గారు..."

"ఆయనకి నేను చెప్తా. తిట్లు కూడా నేనే తింటా, అలవాటే. ఆవిడ ఇంట్లో పక్షవాతం మనిషి ఉన్నాడు. వానలో బస్సుస్టాపులో నిలబెట్టకు. ఎవరైనా కారులో దింపేటట్టు చూడు."

"అలాగే మేడం. అసలు ఇవాళ బండ్లేవీ..."

"ఎవరో ఒకరిని చూడు నాయనా."

ఫోను పెట్టి రెండు క్షణాలు అలాగే కౌంటరుకి ఆనుకుని నిలబడింది. ఆరు గంటల గడువు దాటక ముందే ఒక మంచి పని అయింది. ఈ ఉద్యోగంలో అది ఎప్పుడోగాని దొరకదు.

నాలుగున్నరకి ఒక్క నిమిషం ముందు ఫారంట్ లోపలికొచ్చాడు. వెనకాల ఇద్దరు కూలీలు.

"పెట్టెలు."

"ఎనిమిది తీసుకోండి. ఏడోది నాది."

"తొమ్మిదీ నావే. మీరు ఒక పెట్టె తెరిచారు! రేపు విచారణలో ఇది చెబితే మీ ఉద్యోగం..."

"నాలుగు నెలల్లో పింఛను. త్వరపడితే తప్ప మీకు అందదు." నూట పదకొండు కాగితాల కట్ట అతని ముందు పెట్టింది. "వీళ్ళెవరూ ఓటెయ్యలేదు. వెయ్యడానికి వీళ్ళకి హక్కే లేదు."

ఫారంట్ వినను అన్నట్టు చెయ్యి అడ్డం పెట్టాడు. "ప్రతి విచారణకీ ఎవరో ఒకరు ఇలాంటివి పట్టుకొస్తారు. పోస్టులో పోయాయంటారు, కుక్క తినేసిందంటారు. లోపముంటే చాలదు ఇన్‌స్పెక్టర్ గారూ. ఫలితం మారేటంత లోపమని చూపాలి."

"తేడా ఎంత?"

"నూట పది."

"లెక్కపెట్టుకోండి."

అతను లెక్కపెట్టలేదు. విల్ఫ్ మాత్రం పక్కనే నిలబడి పుస్తకం సంగతి, పెళ్ళాం సంగతి, పదకొండు సారా దుకాణాల సంగతి మొదలెట్టాడు. రెండో దుకాణం దగ్గరికొచ్చేసరికి ఫారంట్ కూలీలని బయటికి పొమ్మని సైగ చేశాడు. అయిదో దుకాణం దగ్గర కోటు విప్పి కుర్చీ లాక్కున్నాడు. గొడుగు లేకుండా చూస్తే అతను కూడా నిద్రలేని మనిషే.

"రెండేళ్ళలో ఇది నాకు తొమ్మిదో సొసైటీ," అన్నాడు కళ్ళు నులుముకుంటూ. "ఎనిమిదింటికి సంతకం పెట్టాను. ఒక్కదాంట్లోనూ పేర్లు చదవలేదు."

"ఇప్పుడు చదవండి. మొగుడి పేరు ముందుంచిన జాబితా ఎక్కడిది? సొసైటీ రిజిస్టరులో అలా ఉండదు."

ఫారంట్ తోలుసంచి తెరిచి లావుపాటి అచ్చుప్రతి తీశాడు. బారక్లఫ్ పేరు వెతికి వేలు పెట్టాడు. శ్రీ విల్ఫ్రెడ్ ముందు, శ్రీమతి జీన్ తర్వాత.

"ఇది బ్యాంకు జాబితా. సొసైటీ వివరాలు వాళ్ళ కంప్యూటర్లోకి ఎక్కించుకున్నప్పుడు తయారైంది. ఆ యంత్రం ఎప్పుడూ మగవాళ్ళ పేరే ముందు పెడుతుంది. ఓటు కాగితాలు మాత్రం దీన్నించి పోలేదు, సొసైటీ రిజిస్టరు నించే పోయాయి."

"దొంగ కాగితాలు మాత్రం దీన్నించే వచ్చాయి. ఈ జాబితా ఎవరెవరి దగ్గరుంది?"

"మూడు ప్రతులే. ఒకటి లండన్‌లో బ్యాంకు ఇనప్పెట్టెలో. ఒకటి ఇది."

"మూడోది?"

ఫారంట్ సంచిలోంచి ఇంకో కాగితం తీసి తను చదువుకుని, ఆమె వైపు తిప్పాడు. రసీదు. బ్యాంకు తరఫున మెంబర్లకి అవునని ఓటెయ్యమని ఉత్తరాలు రాయడానికి అచ్చుప్రతి ఒకటి ముట్టింది. సంతకం: గెరాల్డ్ మిడ్జ్‌లీ, సొసైటీ ఛైర్మన్.

"కాగితం పోగొట్టుకున్నవాళ్ళకి ఇవ్వడానికి ఖాళీ ఓటు కాగితాలు అయిదు వందలు కూడా ఆయనకే ఇచ్చాం," అన్నాడు ఫారంట్. "ఒక్కటీ తిరిగి రాలేదు. ఎవరూ అడగలేదు. నేనూ అడగలేదు."

"బ్యాంకు గెలిస్తే ఆయనకేంటి?"

"డైరెక్టరు పదవి."

"ఆగండాగండి," అన్నాడు విల్ఫ్. "మిడ్జ్‌లీ గారు ఇక్కడివాడే. పదకొండేళ్ళుగా ఛైర్మన్. ఆయనకి పుస్తకం సంగతి తెలీకుండా ఎలా..." మాట మధ్యలో ఆపేశాడు. "ఓహో. తెలీదు. ఎలా తెలుస్తుంది? మిడ్జ్‌లీలు మిల్లు ఓనర్లు. మూడు తరాలుగా శుక్రవారం జీతం కవర్లు ఇచ్చినవాళ్ళేగాని, ఇంటికి తెచ్చినవాళ్ళు కాదు. ఆయన డబ్బు ఏనాడూ సొసైటీలో పెట్టలేదు. కౌంటరు ముందు నిలబడటం ఎప్పుడూ చూళ్ళేదు. మొగుడి పేరే ముందుంటుందనుకున్నాడు, వాళ్ళింట్లో ఉన్నట్టు."

నార్మన్ సోమవారం లండన్‌కి చెప్పే ముందు ఎవరికి చెప్పి ఉంటాడు? సెక్రటరీ ఎప్పుడైనా ముందు ఛైర్మన్‌కే చెప్తాడు. అది పద్ధతి. పద్ధతి తప్పని మనిషి నార్మన్. ఐదూ ఇరవైకి డోరీన్ వెళ్ళాక ఫోను చేసి ఉంటాడు. మిడ్జ్‌లీల ఇంటినించి ఇక్కడికి కారులో ఆరు నిమిషాలు. ఐదూ యాభై రెండుకి అలారం.

"మరి కవరేది?" అన్నాడు ఫారంట్. "ఆడవాళ్ళ కాగితాలు? అవి లేకపోతే ఇది మీ సార్జెంటు మాట, అంతే. విచారణలో నిలవదు."

"మిడ్జ్‌లీ తీసుకునుంటాడు," అన్నాడు విల్ఫ్. "ఈపాటికి పొయ్యిలో పడుంటుంది."

హిల్డా తల అడ్డంగా ఊపింది. ఇంకో రోజైతే ఈ సంగతి గంట ముందే తట్టేది.

"సోమవారం ఐదూ ఇరవైకి ఇక్కణ్ణించి బయటికెళ్ళిన మనిషి ఒక్కరే విల్ఫ్. నోరు విప్పద్దన్నాడు నార్మన్ అంది గాని, చేతిలో ఏం పెట్టాడో చెప్పలేదు. కవరు డోరీన్ దగ్గరే ఉంది."

ఫోను అందుకుంది. నాలుగూ యాభై ఏడు.

"టోర్డాఫ్, మిసెస్ హెలివెల్ వెళ్ళిపోయారా?"

"అప్పుడే వెళ్ళారు మేడం. మీరు చెప్పిన అయిదు నిమిషాలకే. బండికి కూడా ఇబ్బంది కాలేదు. సొసైటీ ఛైర్మన్ గారు మూడింటినించీ ఇక్కడే కూర్చున్నారు పాపం, ఆవిణ్ణి పలకరించి వెళ్దామని. నేను దింపుతానన్నారు. ఆవిడ ఎంత సంతోషించిందో! మీకు థాంక్స్ చెప్పమంది."

హిల్డా ఫోను పెట్టేసి, పక్కనున్న సిబ్బంది చిరునామాల పుస్తకంలో డోరీన్ ఇంటి నంబరు వెతికి తిప్పింది. స్టేషనునించి ఆ ఇంటికి ఎనిమిది నిమిషాల దారి. వాళ్ళు బయల్దేరి అరగంటైంది.

మూడోసారి మోగాక పక్కింటావిడ ఎత్తింది.

"డోరీనా? ఇంకా రాలేదమ్మా. కెటిల్ పెట్టుకుని కూర్చున్నాం, ఫ్రాంక్ ఒకటే కలవరిస్తున్నాడు. ఛైర్మన్ గారు కారులోంచే ఫోను చేశారులే. ఏదో కవరట, అది తీసుకోవడానికి దారిలో సొసైటీ దగ్గర ఒక్క నిమిషం ఆగి వస్తామన్నారు."

హిల్డా సొసైటీ కౌంటరు వెనక నిలబడి ఫోను చెవికి పెట్టుకునే తల తిప్పింది. అద్దాల తలుపు అవతల వీధి మొత్తం కనిపిస్తోంది. వానలో ఫారంట్ తెల్ల వ్యాను ఒక్కటే ఉంది.